కణాల జల్లుల లెక్క: కాస్కేడ్ సిద్ధాంత చరిత్ర

అధిక శక్తి గల ఒక్క ఎలక్ట్రాన్ సీసం పలకలోకి దూసుకుపోతే, పలక అవతలి నుంచి పదుల కొద్దీ కణాలు బయటికి రావచ్చు. దారిలో ఎలక్ట్రాన్ ఫోటాన్లను పుట్టిస్తుంది. ఒక్కో ఫోటాన్ ఒక ఎలక్ట్రాన్‌గా, ఒక పాజిట్రాన్‌గా మారుతుంది. ఆ రెండూ మళ్ళీ ఫోటాన్లను పుట్టిస్తాయి. ఇలా పెరిగే కణసమూహాన్ని భౌతికశాస్త్రంలో జల్లు అంటారు. ఎంత లోతున ఎంత శక్తి గల కణాలు ఎన్ని ఉంటాయో లెక్కగట్టేది కాస్కేడ్ సిద్ధాంతం. ఒక రకంగా ఇది వాయువుల అణుచలన సిద్ధాంతానికి వారసురాలు. 1872లో లుడ్విగ్ బోల్ట్జ్‌మన్ రాసిన సమీకరణం, అభిఘాతాల వల్ల అణువుల వేగాలు ఎలా మారతాయో చెప్పింది. అయితే ఆ వాయువులో అణువుల సంఖ్య మారదు. జల్లులో ప్రతి అభిఘాతం కొత్త కణాలను కంటుంది. ఆ తేడా వల్ల వచ్చిన చిక్కులను విప్పడానికి 1930ల నుంచి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. ఆ పనిలో కేంబ్రిడ్జ్, బర్క్‌లీ, మాస్కో, డబ్లిన్‌లతో పాటు బెంగళూరు, మద్రాసులకూ పెద్ద వాటా ఉంది.

జల్లులు కంటపడిన వైనం

1912 ఆగస్టులో విక్టర్ హెస్ బెలూన్‌లో ఐదు వేల మీటర్లు దాటి పైకి వెళ్ళి, ఎత్తు పెరిగేకొద్దీ వికిరణం పెరుగుతోందని కొలిచి చూపాడు. కాస్మిక్ కిరణాల అధ్యయనం అక్కడ మొదలైంది. ఆ కిరణాలు గుంపులుగా వస్తాయన్న సంగతి తెలియడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది. 1920ల చివర లెనిన్‌గ్రాడ్‌లో ద్మిత్రి స్కొబెల్త్సిన్ కణాల జాడలను చూపే క్లౌడ్ చాంబర్ ఫోటోల్లో అధిక శక్తి గల ఎలక్ట్రాన్లను గమనించాడు. కొన్ని ఫోటోల్లో అవి ఒకటికి మించి ఒకేసారి కనిపించాయి.

దీన్ని కొలతల దాకా తెచ్చినవాడు ఇటలీ శాస్త్రవేత్త బ్రూనో రోసీ. కణాలను పసిగట్టే వేర్వేరు గైగర్ గొట్టాలు ఒకే క్షణాన స్పందిస్తేనే నమోదు చేసే విద్యుత్ వలయాన్ని అతడు 1930లో ఫ్లోరెన్స్‌లో తయారు చేశాడు. తర్వాత మూడు గొట్టాలను త్రిభుజాకారంలో అమర్చాడు. సూటిగా పోయే ఒకే కణం ఆ మూడింటినీ తాకలేదు. అయినా మూడూ ఒకేసారి మోగాయి. పైన పెట్టిన సీసం మందాన్ని పెంచుతూ పోతే, దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల వరకు ఈ ఏకకాల స్పందనలు పెరిగి, ఆపైన తగ్గాయి. సీసం కిరణాలను ఆపడం మాత్రమే కాదు, కొత్తవాటిని పుట్టిస్తోంది కూడా. పెరిగి తగ్గే ఆ రేఖకు రోసీ పేరే నిలిచింది.

రోసీ వద్ద ఈ పద్ధతి నేర్చిన జుసెప్పె ఒక్యాలీని 1931లో కేంబ్రిడ్జ్ చేరి, పాట్రిక్ బ్లాకెట్‌తో కలిసి పనిచేశాడు. గైగర్ గొట్టాలు మోగినప్పుడే క్లౌడ్ చాంబర్ పనిచేసేలా వారిద్దరూ ఏర్పాటు చేశారు. అంటే కణాలే తమ ఫోటో తాము తీసుకున్నాయి. 1932 ఆగస్టులో కాలిఫోర్నియాలో కార్ల్ ఆండర్సన్ పాజిట్రాన్‌ను కనుగొన్నాడు. 1933లో వెలువడిన బ్లాకెట్–ఒక్యాలీని ఫోటోల్లో, ఒకే చోటి నుంచి విచ్చుకున్న జాడలు అయస్కాంత క్షేత్రంలో రెండు పక్కలకూ వంగి కనిపించాయి. ధన, రుణ కణాలు జంటలుగా పుడుతున్నాయన్న మాట.

రెండు ప్రక్రియలు, ఒక కొలబద్ద

జల్లు పుట్టుకకు రెండు ప్రక్రియలు చాలు. కేంద్రకం పక్కనుంచి పోయే ఎలక్ట్రాన్ దారి మళ్ళి ఫోటాన్‌ను విడుస్తుంది. కేంద్రకం పక్కనుంచి పోయే ఫోటాన్ ఎలక్ట్రాన్–పాజిట్రాన్ జంటగా మారుతుంది. ఈ రెండింటి సంభావ్యతలను హాన్స్ బేథే, వాల్టర్ హైట్లర్ 1934లో గణించారు. నాజీలు అధికారంలోకి వచ్చాక జర్మనీ వదిలి ఇంగ్లండ్ చేరిన శాస్త్రవేత్తలు వారు.

ఆ లెక్కలను అధిక శక్తుల వద్ద నమ్మవచ్చా అన్న సందేహం రెండు మూడేళ్ళు సాగింది. సూత్రం ప్రకారం సీసంలో ఆగిపోవలసిన కణాలు కొన్ని ఆగకుండా పోతున్నాయి. క్వాంటం విద్యుత్ సిద్ధాంతం ఒక హద్దు దాటాక పనిచేయదేమో అని రాబర్ట్ ఆపెన్‌హైమర్ వంటివారు అనుకున్నారు.

సూత్రాలను నమ్మితే మాత్రం చిత్రం చాలా సరళం. ఎలక్ట్రాన్ వికిరణం వల్ల తన శక్తిలో పెద్ద భాగాన్ని కోల్పోయే దూరాన్ని వికిరణ దైర్ఘ్యం అంటారు. సీసంలో అది సుమారు 5.6 మిల్లీమీటర్లు, సముద్రమట్టం దగ్గరి గాలిలో సుమారు 300 మీటర్లు. పదార్థం ఏదైనా, లోతును ఈ కొలబద్దతో కొలిస్తే జల్లుల తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. హైట్లర్ పేరుతో పాఠ్యపుస్తకాల్లో కనిపించే నమూనాలో ప్రతి అడుగులో కణాల సంఖ్య రెట్టింపవుతుంది, ఒక్కో కణం శక్తి సగమవుతుంది. ఎలక్ట్రాన్ వికిరణం కన్నా అయనీకరణం వల్లే ఎక్కువ శక్తి పోగొట్టుకునే స్థాయికి దిగినప్పుడు పెరుగుదల ఆగుతుంది. ఆ సంధి శక్తి సీసంలో దాదాపు 7 మెగా ఎలక్ట్రాన్‌వోల్టులు. 1,000 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల ఎలక్ట్రాన్ అక్కడికి దిగేసరికి సుమారు ఏడు రెట్టింపులు జరుగుతాయి. మొదటి శక్తిని పది రెట్లు పెంచితే కణాల సంఖ్య పది రెట్లు పెరుగుతుంది గాని, రెట్టింపులు మూడో నాలుగో మాత్రమే ఎక్కువవుతాయి. అందుకే జల్లు శిఖరం అంతగా లోతుకు జరగదు. ఈ నమూనా కణాల సంఖ్యను ఎక్కువ చేసి చూపుతుంది. కానీ జల్లు స్వభావాన్ని సరిగానే పట్టిస్తుంది.

1937: ఒకే జవాబు, రెండు దారులు

1937 మొదట్లో అట్లాంటిక్‌కు అటూ ఇటూ రెండు వ్యాసాలు దాదాపు ఒకేసారి వెలువడ్డాయి. ఒకటి కేంబ్రిడ్జ్‌లో ఉన్న హోమీ భాభా హైట్లర్‌తో కలిసి రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో రాసింది. రెండోది బర్క్‌లీలో ఫ్రాంక్లిన్ కార్ల్‌సన్, రాబర్ట్ ఆపెన్‌హైమర్ ఫిజికల్ రివ్యూలో రాసింది. భాభా, హైట్లర్ తరాలవారీగా లెక్క కట్టారు: మొదటి ఎలక్ట్రాన్, అది పుట్టించిన ఫోటాన్లు, వాటికి పుట్టిన జంటలు, అలా కిందికి. కార్ల్‌సన్, ఆపెన్‌హైమర్ తరాలను వదిలేసి, లోతుతో పాటు కణాల వితరణ ఎలా మారుతుందో చెప్పే సమీకరణాలు రాశారు. అణుచలన సిద్ధాంతం ఈ రంగంలోకి వచ్చింది ఆ రెండో దారిలోనే. రెండు దారులూ రోసీ రేఖ పెరిగి తగ్గడాన్ని వివరించాయి.

ఆ సమీకరణాలు రెండు పద్దుల జమాఖర్చు లాంటివి. ఒక నిర్ణీత శక్తి గల ఎలక్ట్రాన్ల పద్దును చూస్తే, అంతకన్నా ఎక్కువ శక్తి గల ఎలక్ట్రాన్లు ఫోటాన్లను విడిచి ఈ శక్తికి దిగడం ఒక జమ. ఫోటాన్లు జంటలుగా మారి ఈ శక్తితో పుట్టడం మరో జమ. ఇక్కడి ఎలక్ట్రాన్లు తామే ఫోటాన్లను విడిచి కింది శక్తికి జారిపోవడం ఖర్చు. ఫోటాన్ల పద్దులో ఎలక్ట్రాన్లు విడిచినవి జమ, జంటలుగా మారినవి ఖర్చు. ఒక పద్దు జమ మరో పద్దు మీద ఆధారపడుతుంది కాబట్టి రెండింటినీ కలిపే సాధించాలి.

సాధించే చక్కని పద్ధతి 1938లో మాస్కో నుంచి వచ్చింది. అధిక శక్తుల వద్ద ఈ ప్రక్రియల సంభావ్యతలు, పుట్టిన కణం శక్తికీ పుట్టించిన కణం శక్తికీ ఉన్న నిష్పత్తి మీదనే ఆధారపడతాయి. లెవ్ లాండౌ, యూరి రూమెర్ ఈ లక్షణాన్ని వాడుకున్నారు. మెలిన్ పరివర్తన అనే గణిత పద్ధతితో ఆ జటిల సమీకరణాలను సాధారణ అవకలన సమీకరణాలుగా మార్చారు. అదే ఏడాది ఏప్రిల్‌లో స్టాలిన్ పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు. లాండౌ ఏడాదికి విడుదలయ్యాడు. రూమెర్ పదేళ్ళు ఖైదీగానే విమాన రూపకల్పన సంస్థల్లో పనిచేశాడు.

లాండౌ–రూమెర్ లెక్కలో అయనీకరణ నష్టం లేదు. జల్లు చివరిదశకు అదే కీలకం. హార్ట్‌లాండ్ స్నైడర్, రాబర్ట్ సెర్బర్ ఆ నష్టాన్ని కలిపి సాధించే ప్రయత్నాలు 1938లో చేశారు. 1941లో రోసీ, కెన్నెత్ గ్రైసెన్ రాసిన సమీక్షా వ్యాసం ఈ పనినంతా క్రమబద్ధం చేసింది. నష్టాన్ని వదిలేసే లెక్కకు ‘ఎ’ ఉజ్జాయింపు అని, స్థిరమైన నష్టాన్ని కలిపే లెక్కకు ‘బి’ ఉజ్జాయింపు అని పేర్లు స్థిరపడ్డాయి.

ఈ సిద్ధాంతం వల్ల వచ్చిన పెద్ద లాభాల్లో ఒకటి, అది వివరించలేని దాని వల్ల వచ్చింది. కాస్మిక్ కిరణాల్లో సులువుగా ఆగిపోయే భాగం సరిగ్గా కాస్కేడ్ లెక్క ప్రకారమే నడుచుకుంది. దూరం చొచ్చుకుపోయే భాగం మాత్రం ఆ లెక్కకు లొంగలేదు. సూత్రాల్లో తప్పు లేదంటే ఆ భాగం ఎలక్ట్రాన్లు కాకూడదు. 1937లో సెత్ నెడర్‌మేయర్, కార్ల్ ఆండర్సన్ అది ఎలక్ట్రాన్ కన్నా బరువైన కొత్త కణమని వాదించారు. నేడు దాని పేరు మ్యుయాన్, ద్రవ్యరాశి ఎలక్ట్రాన్‌కు సుమారు 207 రెట్లు. సూత్రాల మీద ఉన్న సందేహం దీనితో తీరింది.

1938లో పియర్ ఒజే బృందం ఫ్రాన్స్‌లోనూ, ఆ తర్వాత ఆల్ప్స్ పర్వతాల్లోని యుంగ్‌ఫ్రౌయోఖ్‌లోనూ గైగర్ గొట్టాలను దూరం దూరంగా పెట్టి చూసింది. రెండు మూడు వందల మీటర్ల ఎడంలో ఉన్నవి కూడా ఒకేసారి మోగాయి. వాతావరణంలోనే పుట్టి నేలంతా పరుచుకునే జల్లులవి. కణాల సంఖ్య నుంచి కాస్కేడ్ సిద్ధాంతంతో వెనక్కి లెక్కిస్తే, మొదటి కణం శక్తి 10^15 ఎలక్ట్రాన్‌వోల్టుల స్థాయిలో ఉందని తేలింది. అప్పటి ఏ యంత్రమూ ఆ దరిదాపులకు వెళ్ళలేదు.

బెంగళూరు అధ్యాయం

1939లో సెలవుల మీద స్వదేశానికి వచ్చిన భాభా యుద్ధం మొదలవడంతో ఇక్కడే ఉండిపోయాడు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రీడర్‌గా చేరి, దోరాబ్జీ టాటా ట్రస్టు సాయంతో కాస్మిక్ కిరణాల పరిశోధన విభాగాన్ని నడిపాడు. కాస్మిక్ కిరణాలకు దక్షిణ భారతం మంచి చోటు. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల ఎక్కువ శక్తి గల కణాలు మాత్రమే ఇక్కడి వాతావరణంలోకి రాగలవు. 1939–40లో రాబర్ట్ మిలికాన్ బృందం ఈ కారణంగానే భారతదేశంలో, బెంగళూరుతో సహా, బెలూన్లు ఎగరేసింది.

ఇక్కడే భాభా, ఎస్.కె. చక్రవర్తి కలిసి అయనీకరణ నష్టాన్ని కలుపుకున్న కాస్కేడ్ సమీకరణాలకు సాధన కనుగొన్నారు. 1943లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వచ్చిన వారి వ్యాసం తక్కువ శక్తి కణాల సంఖ్యను లెక్కించే మార్గం చూపింది. 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ మొదట బెంగళూరులోనే మొదలై, ఆ ఏడాది చివర బొంబాయికి మారింది.

సగటు దాటిన ప్రశ్న

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నీ సగటులే. ఒకే శక్తి గల వెయ్యి ఎలక్ట్రాన్లు వెయ్యి జల్లులను పుట్టిస్తే, ఒక్కో జల్లులో సగటున ఎన్ని కణాలో సమీకరణం చెబుతుంది. కానీ ప్రయోగశాలలో ఎదురయ్యేది ఒక్కొక్క జల్లు. అది సగటుకు ఎంత దూరంగా ఉండవచ్చన్నది తెలియకపోతే, కణాల సంఖ్యను బట్టి మొదటి శక్తిని అంచనా వేయడం కుదరదు.

భాభా, హైట్లర్ ఈ విచలనాలకు పాయిసాన్ వితరణను తీసుకున్నారు. ఆ వితరణ, కణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చినప్పుడు వర్తిస్తుంది. జల్లులోని కణాలు ఒకే వంశానివి. తొలి దశలో ఒక కణం ఆలస్యంగా పుడితే దాని సంతానం మొత్తం తగ్గిపోతుంది. వెండెల్ ఫరీ 1937లోనే మరో నమూనా చూపాడు. అందులో ప్రతి కణానికీ చీలే అవకాశం అన్నివేళలా ఒకటే. సగటు 100 కణాలైతే పాయిసాన్ లెక్కలో ప్రామాణిక విచలనం 10, ఫరీ లెక్కలో దాదాపు 100. తేడా పదిరెట్లు. ఫరీ నమూనాకూ ఒక లోపం ఉంది, అందులో శక్తికి చోటు లేదు. నిజానికి శక్తి పంచుకునేకొద్దీ తగ్గి పెరుగుదలకు కళ్ళెం వేస్తుంది. నార్డ్‌సీక్, లాంబ్, ఉలెన్‌బెక్ 1940లోనూ, కోపెన్‌హాగెన్‌లో నీల్స్ ఆర్లే 1943లోనూ ఈ ప్రశ్న మీద పనిచేసినా పూర్తి జవాబు రాలేదు.

అడ్డు గణితంలోనే ఉంది. కణాల సంఖ్య పూర్ణాంకం, శక్తి అవిచ్ఛిన్న రాశి. శక్తి అక్షాన్ని ఎంత చిన్న ముక్కలుగా చేసినా, ఏ ముక్కలో ఎన్ని కణాలున్నాయో చెప్పే సంభావ్యతల సంఖ్య అనంతంగా పెరిగిపోతుంది.

అల్లాడి రామకృష్ణన్, గుణకార సాంద్రతలు

ఈ ముడి విప్పినవారిలో ఒకరు అల్లాడి రామకృష్ణన్. ఆయన తండ్రి, నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా పనిచేసిన న్యాయవాది, రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యుడు. 1923లో పుట్టిన రామకృష్ణన్ న్యాయశాస్త్రం వైపు వెళ్ళక, 1947లో భాభా వద్ద పరిశోధనకు చేరాడు. అక్కడ ఆయన చేపట్టినది జల్లుల్లోని విచలనాల సమస్య. తర్వాత మాంచెస్టర్ వెళ్ళి, సంభావ్యతా శాస్త్రంలో దిట్ట అయిన ఎం.ఎస్. బార్ట్‌లెట్ వద్ద డాక్టరేట్ పూర్తి చేశాడు.

1950లో కేంబ్రిడ్జ్ ఫిలసాఫికల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వచ్చిన ఆయన వ్యాసం ‘ప్రోడక్ట్ డెన్సిటీ’లను, అంటే గుణకార సాంద్రతలను, ప్రవేశపెట్టింది. శక్తి అక్షం మీద చాలా చిన్న ముక్కను తీసుకుంటే అందులో ఒక కణం ఉండే సంభావ్యత ముక్క నిడివికి అనుపాతంలో ఉంటుంది. ఒకటికి మించి ఉండే సంభావ్యత లెక్కలోకి రానంత తక్కువ. కాబట్టి మొదటి సాంద్రత సగటు సంఖ్యను ఇస్తుంది. రెండు వేర్వేరు ముక్కల్లో చెరొక కణం ఉండే ఉమ్మడి సంభావ్యత రెండో సాంద్రత. రెండు ముక్కలూ ఒకటే అయితే అది మొదటి సాంద్రతగా కుదించుకుపోతుంది. సంఖ్య వర్గం సగటు కావాలంటే, రెండో సాంద్రతను రెండు శక్తుల మీదా సమాకలనం చేసి మొదటి సాంద్రత సమాకలనాన్ని కలిపితే చాలు. కాస్కేడ్ సమీకరణం పాటించేది మొదటి సాంద్రతే. రెండోదానికీ అలాంటి జమాఖర్చు సమీకరణమే రాయవచ్చు, దానికి ఆధారం మొదటిది.

వాయువుల సిద్ధాంతంలో ఇలాంటి మెట్ల వరుసనే 1946లో నికొలాయ్ బొగొల్యుబొవ్, మాక్స్ బోర్న్, హెచ్.ఎస్. గ్రీన్ నిర్మించారు. కణాల సంఖ్య మారే వ్యవస్థలో అదే ఆలోచన వేరే దారిన వచ్చిందన్న మాట. భాభా కూడా 1950లోనే రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో ఈ అవిచ్ఛిన్న వ్యవస్థల సిద్ధాంతాన్ని ప్రచురించాడు. అదే ఏడాది ఇద్దరూ కలిసి ఎలక్ట్రాన్ల, ఫోటాన్ల సంఖ్యల్లో విచలనాలను లెక్కగట్టారు. అప్పటిదాకా డబ్లిన్‌లో ఉన్న హంగరీ శాస్త్రవేత్త లాయోష్ యానోషీ 1950లోనే మరో దారి చూపాడు. మొదటి అభిఘాతం దగ్గర ఆగి, అక్కడ పుట్టిన కణాల్లో ఒక్కొక్కటీ స్వతంత్రంగా తన జల్లును మొదలుపెడుతుందని భావించి సమీకరణం రాశాడు. ఆ కాలపు యానోషీ సాంద్రతలు బిందు ప్రక్రియల గణితంలో నేటికీ వాడుకలో ఉన్నాయి.

మద్రాసు విశ్వవిద్యాలయంలో చేరాక రామకృష్ణన్ ఈ పనిని కొనసాగించాడు. 1956లో తన శిష్యుడు ఎస్.కె. శ్రీనివాసన్‌తో కలిసి ప్రశ్ననే మార్చాడు. ఒక లోతులో ఎన్ని కణాలు ఉన్నాయి అనడానికి బదులు, ఆ లోతు వరకు నిర్ణీత శక్తికి మించి ఎన్ని కణాలు పుట్టాయి అని అడిగారు. మొదటిది ఉనికిని లెక్కిస్తుంది, రెండోది ఉత్పత్తిని. పుట్టి, శక్తి కోల్పోయి కనుమరుగైన కణం కూడా తన జాడను ఫోటో ఎమల్షన్‌లో వదిలే ఉంటుంది. ఎమల్షన్‌లో జంటలను లెక్కించే ప్రయోగానికి సరిపోయేది ఈ రెండో లెక్క. 1962లో మద్రాసులో గణితశాస్త్రాల సంస్థ ‘మ్యాట్‌సైన్స్’ రామకృష్ణన్ సంచాలకత్వంలో మొదలైంది. టి.ఇ. హారిస్ 1963లో శాఖన ప్రక్రియల మీద రాసిన ప్రామాణిక గ్రంథంలో కాస్కేడ్‌లకు ఒక అధ్యాయమే ఉంది.

చక్రం నుంచి కంప్యూటర్‌కు

సమీకరణాలు సాధించడం కన్నా జల్లును నకలు చేయడం మేలన్న ఆలోచన ఈ మధ్యలోనే వచ్చింది. 1952లో రాబర్ట్ విల్సన్ సీసంలో జల్లులను మోంటె కార్లో పద్ధతిలో లెక్కించాడు. గ్రాఫ్ చుట్టిన స్థూపాన్ని చక్రంలా తిప్పి, అది ఆగిన చోటును బట్టి ఎలక్ట్రాన్‌కు ఏమవుతుందో నిర్ణయించేవాడు. ఒక్కో జల్లు ఒక్కో విధంగా వచ్చేది కాబట్టి సగటు, విచలనం రెండూ కలిసే దొరికాయి. ఆ చక్రం చేసిన పనిని కంప్యూటర్లు అందుకున్నాయి. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో రూపుదిద్దుకున్న ఇజిఎస్, జర్మనీలోని కార్ల్స్‌రూలో గాలిజల్లుల కోసం రాసిన కోర్సికా ఆ కోవలోని ప్రోగ్రాములే.

జల్లు స్వరూపమూ విస్తరించింది. 1947లో బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందం పయాన్ అనే కణాన్ని కనుగొంది. తటస్థ పయాన్ పుట్టిన వెంటనే రెండు ఫోటాన్లుగా విడిపోతుందని 1950కి తేలింది. కాస్మిక్ ప్రోటాన్ గాలిలోని కేంద్రకాన్ని ఢీకొన్నప్పుడు ఎలక్ట్రాన్ జల్లు ఎలా మొదలవుతుందో దీనితో తెలిసింది. ఒక్క ఢీలో ఎన్ని పయాన్లు పుడతాయన్నది మరో సమస్య. దానికి ఎన్రికో ఫెర్మీ 1950లో ఉష్ణ సమతాస్థితిని ఆధారం చేసుకుని, లాండౌ 1953లో ద్రవప్రవాహ సమీకరణాలను ఆధారం చేసుకుని జవాబులు ఇచ్చారు. భారీ కేంద్రకాల అభిఘాతాలను వివరించే నేటి లెక్కల్లో ఆ రెండు ఆలోచనలూ నడుస్తూనే ఉన్నాయి.

అత్యధిక శక్తుల వద్ద బేథే–హైట్లర్ సూత్రమే కొంత మారుతుందని లాండౌ, ఐజక్ పొమరన్‌చుక్ 1953లో, ఆర్కాది మిగ్దల్ 1956లో చూపారు. దట్టమైన పదార్థంలో ఎలక్ట్రాన్ ఒక ఫోటాన్‌ను విడిచే లోపే పలుమార్లు దారి మళ్ళుతుంది కాబట్టి వికిరణం తగ్గుతుంది. 1990లలో స్టాన్‌ఫర్డ్ ప్రయోగం దీన్ని నిర్ధారించింది.

పదార్థమే లేని చోట కూడా జల్లులు పెరగవచ్చు. పల్సార్ల ఉద్ధృత అయస్కాంత క్షేత్రంలో ఫోటాన్లు జంటలుగా మారతాయని పీటర్ స్టరాక్ 1971లో ప్రతిపాదించాడు. అతి తీవ్రమైన లేజర్ కిరణాల కూడలిలో కూడా అలాంటి కాస్కేడ్ సాధ్యమని టోనీ బెల్, జాన్ కర్క్ 2008లో లెక్కగట్టారు. అక్కడ కేంద్రకం స్థానంలో క్షేత్రం ఉంటుంది. సంభావ్యతలు మారతాయి గాని, ఎలక్ట్రాన్లకూ ఫోటాన్లకూ విడివిడిగా రాసే జమాఖర్చు సమీకరణాల స్వరూపం 1937 నాటిదే.

నేటి యంత్రాల్లో ఈ సిద్ధాంతం కొలత పనిముట్టుగా స్థిరపడింది. జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సిలోని సిఎంఎస్ శోధకంలో 75,000కు పైగా సీసం టంగ్‌స్టేట్ స్ఫటికాలున్నాయి. మధ్యభాగంలో ఒక్కోటి 23 సెంటీమీటర్ల పొడవు, అంటే దాదాపు 26 వికిరణ దైర్ఘ్యాలు. జల్లు మొత్తం లోపలే పుట్టి లోపలే ఆరిపోవడానికి అంత పొడవు కావాలి. అర్జెంటీనాలో 3,000 చదరపు కిలోమీటర్లలో పరుచుకున్న పియర్ ఒజే అబ్జర్వేటరీ, నీలగిరుల్లోని ఊటీలో టాటా సంస్థ నడిపే గ్రేప్స్–3 గాలిజల్లులను నమోదు చేస్తున్నాయి. నేల మీద పడిన కణాలను బట్టి మొదటి కణం శక్తిని అంచనా వేయడానికి సగటు లెక్క కావాలి. ఆ అంచనా మీద ఎంత నమ్మకం ఉంచవచ్చో చెప్పడానికి విచలనాల లెక్క కావాలి.